విధవరాలి కాసులు, ధనవంతుని వాకిలి: క్రైస్తవ విశ్వాసంలో సంపద, పేదవారు

సభాధ్యక్షులకు, సంఘ పెద్దలకు, ఇక్కడికి వచ్చిన సహోదరీ సహోదరులందరికీ వందనాలు.

ధనం గురించి, దానం గురించి క్రైస్తవ విశ్వాసం ఏమి చెబుతుందో మాట్లాడమని నన్ను కోరారు. ఈ విషయం మీద సంఘాలలో తరచుగా చదివే భాగాలలో మార్కు సువార్త 12వ అధ్యాయం చివర ఉన్న బీద విధవరాలి వృత్తాంతం ఒకటి. యేసు దేవాలయంలో కానుకపెట్టె ఎదుట కూర్చుని ఉంటాడు. ధనవంతులు విశేషంగా డబ్బు వేస్తుంటారు. ఒక బీద విధవరాలు వచ్చి రెండు కాసులు వేస్తుంది. ఆమె తన లేమిలో తనకు కలిగినదంతా, తన జీవనమంతా వేసిందని ఆయన శిష్యులకు చెబుతాడు. కానుకల సమయంలో ఈ భాగం చదివి, ఆమె అంత ఇస్తే మనం ఎంత ఇవ్వాలి అని అడగడం మనకు అలవాటైపోయింది.

అయితే ఆ వృత్తాంతానికి సరిగ్గా ముందున్న మాటలను దానితో కలిపి చదివేవారు తక్కువ. పొడుగు అంగీలు తొడుక్కుని, సంతవీధుల్లో వందనాలు కోరుకుంటూ, విధవరాండ్ర ఇళ్ళు దిగమింగి పైకి దీర్ఘప్రార్థనలు చేసే శాస్త్రుల, అంటే ధర్మశాస్త్ర బోధకుల, విషయంలో జాగ్రత్తపడమని యేసు అప్పుడే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ముగిసీ ముగియగానే ఒక విధవరాలు కంటబడుతుంది. ఆమె చేతిలో మిగిలింది రెండు కాసులే. తరువాతి అధ్యాయం మొదట్లోనే, ఆ దేవాలయపు గొప్ప కట్టడంలో రాయి మీద రాయి నిలవదని ఆయన అంటాడు. ఆమె భక్తిని తగ్గించి చూపడం నా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. ఆయన ఆమెను మెచ్చుకున్నాడనే నేను నమ్ముతాను. కాని ఆమెను మెచ్చుకున్న నోటితోనే, ఆమెలాంటివారి ఇళ్ళు మింగినవారికి విస్తారమైన శిక్ష ఉందని కూడా ఆయన చెప్పాడు. రెండో మాట దాచిపెట్టి మొదటి మాట మాత్రమే బోధించే సంఘం, ఆ విధవరాలి నుంచి ఆ రెండు కాసులు కూడా తీసుకునే సంఘంగా మారే ప్రమాదం ఉంది.

ఎంత ఇచ్చావని అడిగే ముందు, అది నీ దగ్గరికి ఎలా చేరింది, నీ పక్కనున్నవాడి దగ్గర ఎందుకు లేదు అని లేఖనం అడుగుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

మొదట ధర్మశాస్త్రం చూద్దాం. లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు భూమి తనదని, ప్రజలు తన దగ్గర పరదేశులు, కాపురస్థులు మాత్రమేనని చెబుతాడు. అందుకే భూమిని శాశ్వతంగా అమ్మడానికి వీలు లేదు. యాభయ్యవ సంవత్సరంలో అది మొదటి కుటుంబానికి తిరిగి చేరాలి. ప్రతి ఏడవ సంవత్సరం అప్పులు విడిచిపెట్టాలి. పొలం కోసేవాడు ఓరల దాకా పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె తాను ఏరుకోకూడదు. అది బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. మోయాబీయురాలైన రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్నది ఈ ఆజ్ఞ నీడలోనే. దానిని ఆమెకు ఎవరో దయతలచి పెట్టిన భిక్షగా చూడలేము. పొలం యజమాని కోయడానికి అనుమతి లేని పంట అది.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో అప్పులకు సంబంధించిన ఒక చిన్న నియమం ఉంది. ఈ పుస్తకమంతటిలో నన్ను అతిగా కదిలించే వాక్యాలలో అది ఒకటి. పొరుగువాడికి అప్పిచ్చినప్పుడు తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి అతని ఇంట్లోకి వెళ్ళకూడదు. "నీవు బయట నిలువవలెను" అంటుంది ఆజ్ఞ. అప్పు తీసుకున్నవాడే ఆ వస్తువును బయటికి తెచ్చి ఇవ్వాలి. ఈ దృశ్యాన్ని ఒకసారి ఊహించండి. అప్పిచ్చినవాడు లోపలికి నడిచివస్తే, ఇంట్లో ఏమున్నాయో ఏమి లేవో చూస్తాడు. తనకు నచ్చింది ఎంచుకుంటాడు. భార్యాబిడ్డల ఎదుట ఆ ఇంటి యజమాని తలవంచుకుని నిలబడాల్సి వస్తుంది. బయట నిలబెడితే, ఏ వస్తువు ఇవ్వాలో నిర్ణయించే అధికారం అప్పు తీసుకున్నవాడికే మిగులుతుంది. అదే అధ్యాయంలో తిరగలిని గాని, దాని పైరాతిని గాని తాకట్టు పట్టకూడదని ఉంది. అది ఒకరి జీవనాధారాన్నే తాకట్టు పట్టడంతో సమానం. బీదవాడు కప్పుకునే వస్త్రాన్ని తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేలోపు తిరిగి ఇచ్చేయాలి, అతడు దానిలోనే పడుకోవాలి కనుక. పేదవాడి ఆకలినే కాదు, అతని గౌరవాన్నీ నిద్రనూ కూడా లెక్కలోకి తీసుకున్న శాసనం ఇది.

"బీదలు ఎల్లప్పుడూ మీతో ఉంటారు" అని యేసు చెప్పిన మాటను చాలామంది చేతులు దులుపుకోవడానికి వాడుకుంటారు. ఆ మాట ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయాన్ని గుర్తుచేస్తుంది. అక్కడ బీదలు దేశంలో ఉండక మానరని చెప్పి, అందుచేతనే వారికి అవశ్యంగా చేయి చాపమని దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు. మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తే వాక్యం అర్థమే తలకిందులవుతుంది. ఏడవ సంవత్సరం దగ్గరపడిందని, అప్పు తిరిగి రాదని లెక్కలు వేసుకుని బీదవాడికి ఇవ్వడం మానుకోవద్దని కూడా అదే అధ్యాయం హెచ్చరిస్తుంది. మనిషి మనసు ఎటు జారుతుందో ముందే తెలిసి రాసిన హెచ్చరిక అది.

ప్రవక్తల గురించి ఎక్కువ చెప్పను. వారి స్వరం మీకు తెలుసు. బీదలను ఒక జత చెప్పుల కోసం అమ్మేస్తున్నారని ఆమోసు మండిపడ్డాడు. మలాకీ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. దశమభాగాన్ని గురించి బోధించేటప్పుడు మలాకీ 3వ అధ్యాయం 10వ వచనం వినని విశ్వాసి ఉండడు. దానికి అయిదు వచనాల ముందు, కూలివారి కూలి విషయంలో వారిని బాధపెట్టేవారి మీద, విధవరాండ్రను, తండ్రిలేనివారిని, పరదేశులను అన్యాయం చేసేవారి మీద తానే సాక్షిగా నిలబడతానని దేవుడు చెప్పిన మాట ఉంది. దశమభాగం సంగతి చూస్తే, ద్వితీయోపదేశకాండం ప్రకారం ప్రతి మూడవ సంవత్సరం దానిని ఊళ్ళోనే నిల్వచేసి, సొంత భూమి లేని ఆలయ సేవకులైన లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తి పొందేలా పెట్టాలి. పదో వంతు వసూలు చేయడంలో ఖచ్చితంగా ఉండి, అది ఎవరికి చేరాలన్న విషయంలో మౌనంగా ఉండే బోధ సగం బోధే.

ఇప్పుడు యేసు చెప్పిన ధనవంతుడు, లాజరు ఉపమానానికి వద్దాం. లూకా 16వ అధ్యాయంలోని ఆ ధనవంతుడు ఎవరినీ దోచుకున్నట్టు లేదు, లాజరును కొట్టించి తరిమినట్టూ లేదు. ఊదారంగు బట్టలు, సన్నపు నార వస్త్రాలు కట్టుకుని ప్రతిరోజూ సుఖంగా బతికాడు. లాజరు అతని వాకిట్లో కురుపులతో పడి ఉన్నాడు. కథలో ఆ ధనవంతుడికి పేరు లేదు, దరిద్రుడికి ఉంది. పాతాళంలో బాధపడుతూ ధనవంతుడు, "తండ్రీ అబ్రాహామా, లాజరును పంపు" అంటాడు. అంటే అతనికి లాజరు పేరు తెలుసు! వాకిట్లో పడి ఉన్నవాడు ఎవరో ఇన్నాళ్ళూ తెలిసే అతడు రోజూ దాటుకుంటూ వెళ్ళాడు. చనిపోయాక కూడా లాజరు తనకు నీళ్ళు తెచ్చే మనిషిగా, తన అన్నదమ్ములకు కబురు మోసే మనిషిగానే కనిపిస్తున్నాడు. వారిద్దరి మధ్య ఉన్న మహా అగాధాన్ని అతడు బతికుండగానే తన వాకిట్లో తవ్వుకున్నాడని నాకు అనిపిస్తుంది.

అలాగని ధనం ఉన్న ప్రతివారితోనూ యేసు ఒకే మాట అనలేదు. ఒక ధనవంతుడితో ఉన్నదంతా అమ్మి బీదలకు ఇచ్చి తనను వెంబడించమన్నాడు. జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని చెప్పినప్పుడు, ఆ ఇంటికి రక్షణ వచ్చిందని చెప్పాడు. యోహన్న, సూసన్న మొదలైన స్త్రీలు తమ ఆస్తితో ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేశారు. జక్కయ్య మాటల్లో మనం గమనించవలసింది ఒకటుంది. సగం ఇవ్వడం ఔదార్యం, నాలుగంతలు తిరిగి ఇవ్వడం న్యాయం. అతడు ఒకదానితో మరొకదానిని పూడ్చలేదు. అన్యాయంగా సంపాదించి అందులో కొంత దానం చేస్తే లెక్క సరిపోతుందనుకునేవారికి జక్కయ్య ఇల్లు ఆశ్రయం ఇవ్వదు.

తొలి సంఘం గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోదగినదే. బర్నబా భూమి అమ్మి డబ్బు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. అదే సమయంలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూస్తున్నారన్న సణుగు పుట్టిందని కూడా అపొస్తలుల కార్యములు దాచకుండా చెబుతుంది. ఆ సణుగును అపొస్తలులు అవిశ్వాసమని కొట్టివేయలేదు. ఏడుగురిని ఎంచుకుని ఆ పని వారికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లు అన్నీ గ్రీకు పేర్లే కావడం గమనించదగ్గ విషయం. ఫిర్యాదు చేసిన వర్గం చేతికే పంపకం వెళ్ళినట్టు కనిపిస్తుంది. కొరింథులో ప్రభురాత్రి భోజనానికి కూడినప్పుడు ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుడై ఉన్నాడు. అలా తినేది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చిచెప్పాడు. కోసిన పంటకు పనివారికి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు రాశాడు. ఆ కాలపు సంఘాలు పరిపూర్ణమైనవి కావు. కాని పేదవారి సంగతిని ఆరాధన నుంచి విడదీసి వేరే శాఖకు అప్పగించి మరచిపోవడం వారికి తెలియదు.

రెండవ శతాబ్దం మధ్యలో క్రైస్తవ రచయిత జస్టిన్ ఆదివారపు ఆరాధన ఎలా జరిగేదో వివరిస్తూ, కలిగినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చినది సంఘ నాయకుడి దగ్గర ఉంచేవారని, అతడు దానితో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకునేవాడని రాశాడు. 251 ప్రాంతంలో రోమా బిషప్ కొర్నేలియస్ రాసిన లేఖ ప్రకారం ఆ నగర సంఘం 1500 మందికి పైగా విధవరాండ్రను, ఆపదలో ఉన్నవారిని పోషించేది. అప్పటికి క్రైస్తవ మతానికి చట్టరీత్యా గుర్తింపు కూడా లేదు. శతాబ్దం తరువాత, 362లో, క్రైస్తవ్యాన్ని విడిచిపెట్టిన చక్రవర్తి జూలియన్ పేరిట మనకు అందిన లేఖ ఒకటి, గలిలయులు (క్రైస్తవులను అతడు అలా పిలిచేవాడు) తమ పేదలతోపాటు మన పేదలను కూడా పోషిస్తున్నారని, ఇది మనకు సిగ్గుచేటని వాపోతుంది. విరోధి నోటి నుంచి వచ్చిన సాక్ష్యం ఇది. సహాయం పొందినవారు ఏ దేవుణ్ణి కొలిచేవారని అడగకుండా ఇచ్చారన్నదే ఇందులో నాకు ముఖ్యంగా తోస్తుంది.

369 ప్రాంతంలో కప్పదొకియలో ఘోరమైన కరువు వచ్చింది. నేటి తుర్కియేలోని కైసరీ నగరం అప్పటి కైసరయ. అక్కడి ప్రెస్బిటర్ (బిషప్ కింద సేవచేసే గురువు) బాసిల్ భూస్వాముల కుటుంబంలో పుట్టినవాడు. తాను తప్పుపడుతున్న లోకం అతనికి లోపలి నుంచి తెలుసు. ధాన్యం గాదెల్లో ఉంది, ధర ఇంకా పెరగాలని ఎదురుచూస్తోంది. లూకా 12వ అధ్యాయంలోని వెర్రివాడైన ధనవంతుడి ఉపమానం మీద ప్రసంగిస్తూ బాసిల్, నీ దగ్గర ఉంచుకున్న రొట్టె ఆకలిగొన్నవాడిది, పెట్టెలో దాచిన వస్త్రం బట్టలేనివాడిది, మూలపడి చివికిపోతున్న చెప్పులు కాళ్ళకు లేనివాడివి అన్నాడు. ఒకరి బట్ట లాగేసుకున్నవాణ్ణి దొంగ అంటాం. ఇవ్వగలిగి ఉండి కట్టుబట్ట లేనివాడికి ఇవ్వనివాడికి వేరే పేరు ఏముంటుందని అడిగాడు. దానం ఒక ఉపకారం అన్న భావనను ఈ మాటలు పునాదితో సహా కదిలిస్తాయి. అతడు మాటలతో ఆగలేదు. కరువులో అన్నం పెట్టించాడు, 370లో బిషప్ అయ్యాక నగరం వెలుపల పేదలకు, ప్రయాణికులకు, రోగులకు, అందరూ వెలివేసిన కుష్ఠురోగులకు ఆశ్రయాలు, వైద్యశాలలు కట్టించాడు. అతని స్నేహితుడు నాజియంజస్ గ్రెగొరీ ఆ కట్టడాల సముదాయాన్ని కొత్త నగరమని పిలిచాడు.

అదే శతాబ్దపు ప్రసిద్ధ ప్రసంగీకుడు యోహాను క్రిసోస్తము మరింత సూటిగా మాట్లాడాడు. క్రీస్తు శరీరాన్ని గౌరవించాలనుకుంటున్నారా, అయితే ఆయన బట్టలేక ఉన్నప్పుడు నిర్లక్ష్యం చేయకండి. లోపల పట్టువస్త్రాలతో గౌరవించి, బయట చలికి వణుకుతున్న ఆయనను వదిలేయకండి అన్నాడు. ఆయన ఆకలితో నశిస్తుంటే ఆయన బల్ల మీద బంగారు పాత్రలు ఉండి ఏమి లాభం, ముందు ఆకలి తీర్చండి, ఆ తరువాత మిగిలిన దానితో బల్లను అలంకరించండి అన్నాడు. ఇది నా శరీరమని చెప్పిన ప్రభువే, నేను ఆకలిగొంటిని మీరు భోజనం పెట్టలేదని కూడా చెప్పాడన్నది అతని వాదన. కాన్‌స్టాంటినోపుల్ బిషప్ అయ్యాక తన నివాసపు ఖర్చులు తగ్గించి ఆ మిగులును వైద్యశాలకు మళ్ళించాడు. అతడు చివరికి ప్రవాసంలో, 407లో మరణించాడు; అతనికి శత్రువులు ఏర్పడడానికి కారణాలు అనేకం ఉన్నా, సంపన్నుల విలాసం మీద అతడు చేసిన ప్రసంగాలు వాటిలో ఒకటి.

అడిగినవాడు అర్హుడో కాదో ముందు విచారించాలి కదా అని ఆనాటివారూ అడిగారు. పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని పౌలు రాయలేదా అని మనమూ అడుగుతాం. పౌలు ఆ మాట రాసింది పని చేయగలిగి కూడా సోమరులుగా తిరుగుతూ ఇతరుల జోలికి పోతున్న విశ్వాసులకు. పని దొరకనివారికి, చేయలేనివారికి వ్యతిరేకంగా దాన్ని వాడడం అన్యాయం. క్రిసోస్తము అయితే, ఇచ్చేవాడు ఓడరేవు లాంటివాడని అన్నాడు. ఓడ పగిలి కొట్టుకొచ్చినవారు మంచివారా చెడ్డవారా అని రేవు విచారించదు, అందరినీ చేర్చుకుంటుంది. సంఘం సొమ్మును వివేకంతో పంచాలనడం సరైనదే. కాని ఆకలితో ఉన్నవాడి ముందు న్యాయాధిపతిగా కూర్చోవడానికి ఆ వివేకాన్ని సాకుగా చేసుకోకూడదు.

మధ్యయుగాల మఠాల సేవను, ఆ మఠాలే కాలక్రమంలో సంపన్నమై విమర్శల పాలైన తీరును ఇక్కడ వివరించే సమయం లేదు. అత్యవసరంలో ఉన్నవాడు బతకడానికి ఇతరుల సొత్తు తీసుకుంటే అది దొంగతనం కాదని థామస్ అక్వినాస్ వంటి వేదాంతి వాదించాడని మాత్రం గుర్తుచేస్తాను. నేటి మన చెవులకు ఆ మాట కఠినంగా వినిపిస్తే, బాసిల్ నుంచి మనం ఎంత దూరం వచ్చామో అర్థం చేసుకోవచ్చు.

మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన 18వ శతాబ్దపు ఆంగ్ల బోధకుడు జాన్ వెస్లీ దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను, అతని ప్రశ్న నేరుగా మనది కనుక. న్యాయంగా ఎంత సంపాదించగలిగితే అంత సంపాదించమని, ఎంత ఆదా చేయగలిగితే అంత చేయమని, ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వమని అతడు బోధించాడు. పొరుగువాడి ఒంటికి, ఆత్మకు హాని చేసే వ్యాపారంతో సంపాదించడాన్ని, ముఖ్యంగా సారా అమ్మకాన్ని, తీవ్రంగా ఖండించాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక యువకుడి గురించి వెస్లీ ఒక ప్రసంగంలో చెప్పాడు. అది అతని సొంత కథేనని చాలామంది భావిస్తారు. ఆ యువకుడికి ఏడాదికి 30 పౌండ్ల రాబడి ఉన్నప్పుడు 28తో బతికి 2 ఇచ్చాడు. రాబడి 60 అయినప్పుడు కూడా 28తోనే బతికి 32 ఇచ్చాడు; 90 అయినప్పుడు 62, 120 అయినప్పుడు 92 పేదలకు ఇచ్చాడు. రాబడి నాలుగంతలైనా బతుకు ఖర్చు మారలేదు. శాతాలు లెక్కవేసుకునే మనకు ఈ పద్ధతి వింతగా కనిపిస్తుంది, ఎందుకంటే అతడు ఎంత ఇవ్వాలని ఆలోచించలేదు, ఎంత ఉంచుకోవాలని ఆలోచించాడు. వృద్ధాప్యంలో వెస్లీ దుఃఖపడిన సంగతి కూడా చెప్పాలి: తన అనుచరులు మొదటి సూత్రం బాగా పాటించారని, రెండోది కొందరే పాటించారని, మూడోది పాటించినవారు బహు కొద్దిమంది అని. విశ్వాసం కష్టపడడాన్ని, పొదుపును నేర్పింది. అవి ధనాన్ని తెచ్చాయి. ఆ ధనం విశ్వాసాన్ని తినేయసాగింది.

నేడు మన మధ్య ప్రాస్పెరిటీ సువార్త పేరుతో వ్యాపిస్తున్న బోధ ఈ దుఃఖాన్నే శుభవార్తగా ప్రకటిస్తోంది. సంపద దేవుని ఆశీర్వాదానికి గుర్తు అని, కానుకను విత్తనంగా వేస్తే నూరంతలు తిరిగి వస్తుందని చెబుతారు. మార్కు 10వ అధ్యాయంలో నూరంతల మాట ఉన్నది నిజమే, కాని అది హింసలతోపాటు వస్తుందని అక్కడే ఉంది. అది తన కోసం అన్నీ విడిచినవారికి ప్రభువు చెప్పిన మాట. ఈ బోధ పేదవాడికి చేసే హాని నన్ను చాలా బాధిస్తుంది. అప్పు చేసి కానుక ఇచ్చిన కుటుంబానికి మేలు జరగకపోతే, తప్పు వారి విశ్వాసానిదే అంటారు. లేమికి తోడు అపరాధ భావన కూడా ఆ ఇంటి మీద పడుతుంది. ఇది విధవరాండ్ర ఇళ్ళు దిగమింగడమే. దీనికి మెత్తని పేరు పెట్టడానికి నాకు మనసొప్పదు.

మంచి ఉద్దేశంతో ఇచ్చే సంఘాలు కూడా ఇచ్చే తీరును పరీక్షించుకోవాలి. సరుకుల సంచి పుచ్చుకుంటున్న ముసలమ్మను కెమెరా వైపు తిప్పి, పక్కన పది మంది నిలబడి ఫోటో దిగడం మనం చూస్తూనే ఉన్నాం. ఆమె అంగీకారం అడిగినవారు ఎందరు? అడిగినా, సంచి చేతికి రాకముందు కాదనగలిగే స్థితిలో ఆమె ఉందా? కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట ఇచ్చేవాడి ఆత్మను కాపాడడానికి చెప్పినదే, కాని అది పుచ్చుకునేవారి గౌరవాన్నీ కాపాడుతుంది. అలాగే, ఆరాధనకు వస్తేనే, మతం మారితేనే సహాయం అన్న షరతు ఎక్కడ ఉన్నా అది క్రీస్తు పద్ధతి కాదు. దారిలో పడి ఉన్నవాణ్ణి మంచి సమరయుడు ఏమీ అడగలేదు.

చివరగా పౌలు చందా సేకరణ గురించి చెప్పి ముగిస్తాను. యెరూషలేములోని బీదల కోసం అతడు ఏళ్ళ తరబడి మాసిదోనియ, అకయ సంఘాలలో సొమ్ము పోగుచేశాడు. ఇతరులకు సుఖం, మీకు శ్రమ కలగాలని కాదు, సమానత కలగాలని చెబుతున్నానని, నేడు మీ సమృద్ధి వారి కొరతకు, రేపు వారి సమృద్ధి మీ కొరతకు ఆదుకోవాలని కొరింథీయులకు రాశాడు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు అన్న స్థానాలు శాశ్వతం కావని అతని నమ్మకం. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తప్పుపట్టకూడదని, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరైన రీతిలో ఉండాలని, సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు. అపొస్తలుడైన పౌలే తన చేతిలోని సొమ్ముకు సాక్షులను కోరుకున్నాడంటే, లెక్కలు అడిగితే నొచ్చుకునే హక్కు నేటి కాపరికి గాని, సంస్థకు గాని ఎక్కడిది?

రోమా సంఘానికి రాసిన పత్రిక 15వ అధ్యాయంలో అతడు ఒక ప్రార్థన అభ్యర్థిస్తాడు. యెరూషలేములో తాను చేయబోయే పరిచర్య అక్కడి పరిశుద్ధులకు ప్రీతికరమయ్యేలా ప్రార్థించమంటాడు. అన్యజనుల సంఘాల సొమ్మును యూదా విశ్వాసులు కాదంటారేమో అన్న దిగులు ఆ మాటల్లో ఉంది. తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం పేదవారిదేనని, వారి అంగీకారం కోసం ఇచ్చేవాడే ప్రార్థించాలని పౌలు ఎరిగి ఉన్నాడు. బంధకాలు ఎదురుచూస్తున్నాయని దారిలో హెచ్చరికలు విన్నా అతడు వెళ్ళాడు, అక్కడే పట్టుబడ్డాడు. మన సహాయ కార్యక్రమాలను నిర్ణయించే కమిటీలలో ఆ సహాయం పుచ్చుకునేవారు ఎందరు కూర్చుంటున్నారో మీ మీ సంఘాలలో ఈ వారమే కనుక్కోమని కోరుతున్నాను.

ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. ప్రశ్నలు ఉంటే ఇప్పుడు అడగవచ్చు.